రిపోర్టు నార్మలే, మరి నొప్పి ఎందుకు పోవట్లేదు?

మా ఖాలాది నిజామాబాద్. ముప్పై ఏళ్లు బీడీలు చుట్టింది. ఒళ్లో చాట పెట్టుకొని, తల వంచుకొని, తునికాకు కత్తిరించి, చుట్టి, దారం కట్టి... రోజుకు వెయ్యి బీడీలు. ఆరేళ్ల కింద నడుము నొప్పి మొదలైంది. మొదట్లో ఏదో మందు రాసుకుంటే తగ్గేది. రెండేళ్లకు ఖాలూ ఇంతెకాల్ అయ్యారు. పెద్దకొడుకు సౌదీలో ఉన్నాడు, సెలవు దొరక్క జనాజాకు రాలేకపోయాడు. ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు ఖాలా ఆ గదిలోనే గడిపింది. ఆ తర్వాత నొప్పి నడుము దగ్గర ఆగలేదు. మెడకు, భుజాలకు, మోకాళ్లకు పాకింది.

ఆర్‌ఎంపీ దగ్గర సూదులు, తర్వాత పెద్దాసుపత్రి, అక్కడ్నుంచి హైదరాబాద్. నేను బీకాం చదివినదాన్ని కాబట్టి ఇంట్లో బిల్లుల లెక్క నా మీదే ఉంటుంది. ప్లాస్టిక్ కవర్లో ఉన్నవన్నీ తీసి కలిపితే లక్షా ముప్పై వేలు దాటింది. ఎంఆర్‌ఐలే మూడు. నడుము బెల్టులు రెండు. చివరికి ఒక డాక్టరు ఫిల్ము వెలుతురుకు పట్టుకొని చూసి, "వయసుకు తగ్గ అరుగుదలే, భయపడాల్సింది ఏమీ లేదు" అన్నారు. ఆయన ధైర్యం చెబుదామనే అన్నారు. కానీ ఇంట్లో ఆ మాట వేరేలా మారిపోయింది. "రిపోర్టులో ఏమీ లేదన్నారు కదా, ఇంకా ఏం నొప్పి?" అని అందరూ అనడం మొదలుపెట్టారు. నేను కూడా అన్నాను.

ఒకరోజు ఖాలా నాతో అంది: "నొప్పి ఉందంటే నమ్మరు బేటీ. లేదంటే పని చెప్తరు. నేను పోతేనే అందరికి ఆరాం."

ఆ మాట విన్నాక నేను ఈ విషయం గురించి చదవడం, డాక్టర్లను అడగడం మొదలుపెట్టాను. నాకు అర్థమైనది ఒక్క ముక్కలో చెప్పాలంటే: నొప్పిలో మనసు పాత్ర ఉందంటే ఆ నొప్పి అబద్ధం అని కాదు. మనసుకూ నొప్పికీ శరీరంలోనే దారులున్నాయి. ఆ దారులు తెలిస్తే వైద్యం మారుతుంది, ఇంట్లో మన మాట కూడా మారుతుంది.

మూడు నెలలు దాటిన నొప్పి వేరు

వేలు తెగితే నొప్పి. గాయం మానితే నొప్పి పోతుంది. ఇది హెచ్చరిక లాంటిది, మంచిదే. కానీ మూడు నెలలు దాటినా తగ్గని నొప్పిని, లేదా పోతూ వస్తూ ఉండే నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా కొత్తది, ఐసీడీ 11, 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అందులో దీర్ఘకాలిక నొప్పికి విడిగా స్థానం ఇచ్చారు. అంటే అది వేరే జబ్బుకు లక్షణం మాత్రమే కాదు, కొందరిలో అదే ఒక జబ్బు.

ఇది మా ఇంట్లో ఒక్కరి కథ కాదు. 2020లో ప్రపంచం మొత్తంలో దాదాపు 61.9 కోట్ల మంది నడుము నొప్పితో ఉన్నారని అంచనా. ఇక మోకాళ్లు, మెడ, షుగర్ వల్ల వచ్చే నరాల మంటలు, తలనొప్పులు వేరే లెక్క.

నొప్పి తయారయ్యేది ఎక్కడ?

"నడుములో నొప్పి" అంటాం. నిజానికి నడుము నుంచి బయల్దేరేది ఒక సంకేతం మాత్రమే. అది నరాల ద్వారా వెన్నుపాముకు, అక్కడ్నుంచి మెదడుకు చేరుతుంది. దాన్ని "నొప్పి"గా మార్చేది మెదడే. షుగర్ వల్ల కాలు తీసేసినవాళ్లను మనం చూసే ఉంటాం. వాళ్లలో చాలామంది లేని కాలు నొప్పి పెడుతోందని చెప్తారు. అది భ్రమ కాదు, నాటకం అంతకంటే కాదు. కాలు పోయినా ఆ కాలి లెక్క మెదడులో ఇంకా ఉంది.

రెండో ప్రపంచ యుద్ధంలో హెన్రీ బీచర్ అనే అమెరికన్ మత్తు డాక్టరు ఇటలీలో గాయపడిన సైనికులకు వైద్యం చేశారు. ఘోరంగా గాయపడినా చాలామంది నొప్పి మందు అడగకపోవడం చూసి ఆయన ఆశ్చర్యపోయారు. ఆ గాయంతో యుద్ధం నుంచి ప్రాణాలతో బయటపడ్డామన్న ఊరట వాళ్లకుంది. 1946లో ఆయన దీని గురించి రాశారు. గాయం ఎంత పెద్దదో నొప్పి అంతే ఉండాలన్న నియమం లేదని డాక్టర్లు గట్టిగా ఆలోచించడానికి ఇది ఒక కారణమైంది.

1965లో రోనాల్డ్ మెల్జాక్, ప్యాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇంకో మెట్టు ఎక్కారు. వెన్నుపాములో ఒక గేటు లాంటిది ఉంటుందని, నొప్పి సంకేతాలు ఎన్ని పైకి వెళ్లాలో అది నిర్ణయిస్తుందని చెప్పారు. మోకాలు దేనికైనా తగిలితే వెంటనే చేత్తో రుద్దుకుంటాం కదా, హాయిగా ఉంటుంది. ఆ రుద్దడం వల్ల వచ్చే స్పర్శ సంకేతాలు గేటును కొంచెం మూస్తాయి. మెదడు కూడా పైనుంచి కిందికి కబురు పంపి ఆ గేటును మూయగలదు, తెరవగలదు. భయం, దిగులు, నిద్రలేమి ఉన్నప్పుడు గేటు ఎక్కువగా తెరుచుకుంటుంది. ఆ సిద్ధాంతంలో వివరాలు తర్వాత చాలా మారాయి కానీ అసలు ఆలోచన నిలిచింది.

అందుకే నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ వైద్యుల సంఘం 2020లో సవరించిన నిర్వచనంలో నొప్పి అంటే శరీరానికి తెలిసే అనుభవమే కాదు, మనసుకు తగిలే అనుభవం కూడా అని స్పష్టంగా ఉంది. గాయం కనిపించకపోయినా నొప్పి ఉండొచ్చని కూడా ఒప్పుకున్నారు.

మైకు ఒకటే, ఆంప్లిఫయర్ పెరిగింది

దీన్ని నేను మా అమ్మీకి ఇలా చెప్పాను. జల్సాలో మైకు పెడతారు. ఆంప్లిఫయర్ నాబ్ మామూలుగా ఉంటే మాట మాటలాగే వినిపిస్తుంది. నాబ్ బాగా పెంచేస్తే? మాట్లాడకపోయినా ఊపిరి కూడా గాలివానలా వినిపిస్తుంది. మైకు పాడవలేదు. మైకు విప్పి ఎన్నిసార్లు చూసినా అందులో తప్పు దొరకదు.

చాలాకాలం నొప్పి ఉంటే వెన్నుపాము, మెదడు అలా నాబ్ పెంచేసుకుంటాయి. చిన్న సంకేతం కూడా పెద్ద నొప్పి అవుతుంది. మామూలుగా ముట్టుకున్నా, కాస్త వంగినా నొప్పి. ఒకచోట మొదలైంది పక్క భాగాలకూ పాకుతుంది. వైద్యంలో దీన్ని సెంట్రల్ సెన్సిటైజేషన్ అంటారు. ఇది ఎక్స్‌రేలో కనిపించదు, మనం చేయించుకునే మామూలు ఎంఆర్‌ఐలోనూ కనిపించదు.

ఆ నాబ్‌ను తిప్పేవాటిలో మనసు సంగతులు ముఖ్యమైనవి. ఎందుకంటే నొప్పిని, దుఃఖాన్ని, భయాన్ని చూసుకునే మెదడు భాగాలు చాలావరకు కలిసే పనిచేస్తాయి. మెదడు నుంచి కిందికి వచ్చి నొప్పిని తగ్గించే దారిలో సెరటోనిన్, నార్ అడ్రినలిన్ అనే రసాయనాలు పనిచేస్తాయి. డిప్రెషన్ మందుల్లో చాలావాటి పని కూడా వీటి మీదే. అందుకే డులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్ లాంటి మందులను డిప్రెషన్ లేనివాళ్లకు కూడా కొన్ని రకాల నొప్పులకు డాక్టర్లు రాస్తారు. చీటీలో ఆ పేరు చూసి "మా అమ్మను పిచ్చిదాన్ని చేశారు" అని గోలీలు పక్కన పడేసే ముందు ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

చక్రం ఎలా తిరుగుతుంది

నొప్పి వల్ల రాత్రి నిద్ర పట్టదు. నిద్ర లేకపోతే మర్నాడు అదే నొప్పి ఇంకా ఎక్కువ అనిపిస్తుంది. "వంగితే నడుము విరిగిపోతుందేమో" అని భయం. భయంతో కదలడం మానేస్తారు. కదలకపోతే కండరాలు బలం కోల్పోతాయి, కీళ్లు బిగుసుకుంటాయి. అప్పుడు చిన్న పనికే నొప్పి. పెళ్లిళ్లకు పోవడం మానేస్తారు, పక్కింటికి కూడా పోరు. ఒంటరితనం, దిగులు, ఘబ్రాహట్. దిగులు ఉంటే నిద్ర పట్టదు. మళ్లీ మొదటికే.

ఈ చక్రం రెండు వైపుల నుంచీ మొదలవొచ్చు. నొప్పి చాలాకాలం ఉన్నవాళ్లకు డిప్రెషన్ వచ్చే అవకాశం ఎక్కువ. డిప్రెషన్ ఉన్నవాళ్లకు నొప్పి ముదిరే అవకాశమూ ఎక్కువ. మన ఇళ్లలో పెద్ద ఆడవాళ్లు "నాకు దిగులుగా ఉంది" అని చెప్పరు. "ఒళ్లంతా నొప్పులు", "తల బరువు", "గుండెల్లో దడ" అని చెప్తారు. దుఃఖం ఒంటి భాషలో బయటికి వస్తుంది.

ఇది మనకు కొత్త మాట కూడా కాదు. కొడుకు దూరమైన దుఃఖంతో యాఖూబ్ అలైహిస్సలాం కళ్లు తెల్లబడ్డాయని సూరె యూసుఫ్‌లో చదువుకుంటాం. తొమ్మిది, పదో శతాబ్దాల్లో బతికిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీరం, మనసు రెండింటి ఆరోగ్యం గురించి ఒకే గ్రంథం రాశారు. ఒకటి చెడితే రెండోది చెడుతుందని ఆయన వాదన.

స్కాన్ ఏం చెప్తుంది, ఏం చెప్పదు

"డిస్క్ అరిగింది", "గ్యాప్ వచ్చింది" అనే మాట వినగానే సగం ధైర్యం పోతుంది. కానీ 2015లో వచ్చిన ఒక పరిశీలన చూడండి. అసలు నడుము నొప్పే లేనివాళ్ల స్కాన్లను కలిపి చూస్తే, 20 ఏళ్లవాళ్లలో 37 శాతం మందికి, 80 ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించింది. తల నెరిసినట్టే ఇదీ. అంటే స్కాన్లో అరుగుదల ఉన్నంత మాత్రాన నొప్పికి అదే కారణం అని కాదు. స్కాన్ శుభ్రంగా ఉన్నంత మాత్రాన నొప్పి లేదనీ కాదు.

అలాగని పరీక్షలు అసలు వద్దని కాదు. షుగర్, థైరాయిడ్, కీళ్లవాతం, విటమిన్ డి తక్కువ కావడం లాంటివి డాక్టరు ఒకసారి చూడాలి. కొన్ని లక్షణాలు ఉంటే అస్సలు ఆలస్యం చేయొద్దు: కాళ్లలో బలం తగ్గడం, మూత్రం లేదా మలం మీద అదుపు పోవడం, తొడల మధ్య మొద్దుబారడం, నొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ ఉండటం, కింద పడ్డాక మొదలైన నొప్పి. ఇవి ఉంటే మనసు సంగతి తర్వాత, ముందు ఆసుపత్రికి.

సబర్ అంటే చెప్పుకోకపోవడం కాదు

"సబర్ చేయి" అనే మాట మన నోట్లో ఎప్పుడూ ఉంటుంది. మంచి ఉద్దేశంతోనే అంటాం. కానీ నొప్పితో ఉన్న మనిషికి అది చాలాసార్లు "నోరు మూసుకో" అని వినిపిస్తుంది. ఖాలా మూడేళ్లు ఏడవకుండా ఉన్నది ఈ మాట వల్లే. సబర్‌కు పెట్టింది పేరైన అయ్యూబ్ అలైహిస్సలాం కూడా తన బాధను అల్లాహ్‌తో చెప్పుకున్నారు. ప్రతి జబ్బుకూ వైద్యం ఉందన్న హదీసు మనందరికీ తెలుసు. వైద్యం చేయించుకోవడం తవక్కుల్‌కు వ్యతిరేకం కాదు. మనసుకు చేసే వైద్యం అందులో నుంచి మినహాయింపు ఎలా అవుతుంది?

దువా, జిక్ర్ మనసుకు నెమ్మది ఇస్తాయి, దాన్ని ఎవరూ కాదనరు. కానీ "నీ ఈమాన్ తక్కువైంది, అందుకే తగ్గట్లేదు" అనడం వేరు. ఆ మాటతో నొప్పి మీద నేరభావం కూడా చేరుతుంది, చక్రం ఇంకా గట్టిగా తిరుగుతుంది. నేలమీద సజ్దా చేయలేనివాళ్లకు కుర్చీలో కూర్చొని నమాజ్ చదివే వెసులుబాటు ఉంది. దానికి సిగ్గుపడాల్సిన పని లేదు.

పని చేసేవి ఏమిటి?

2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుము నొప్పి మీద మొదటిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో చేయమన్నవి: నొప్పి గురించి రోగికి అర్థమయ్యేలా చెప్పడం, వ్యాయామం, కొన్ని రకాల ఫిజియోథెరపీ, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ లాంటి మాటల వైద్యం, అవసరమైతే కొన్ని మందులు. మామూలుగా వద్దన్నవాటిలో నడుము బెల్టులు, ట్రాక్షన్, నల్లమందు జాతి బలమైన మందులు ఉన్నాయి. మా ఇంట్లో రెండు బెల్టులు మంచం కింద ఉన్నాయి, చెప్పాను కదా.

మాటల వైద్యం అంటే కూర్చోబెట్టి నీతులు చెప్పడం కాదు. "వంగితే ఇక లేవలేను" లాంటి ఆలోచన ఎంతవరకు నిజమో కొద్దికొద్దిగా పరీక్షించడం, పనిని ముక్కలుగా చేసుకోవడం, నిద్ర అలవాట్లు సరిచేయడం, ఊపిరి నెమ్మది చేసి కండరాలను వదులు చేయడం నేర్పుతారు. దీంతో నొప్పి మాయం అవుతుందని ఎవరూ మాట ఇవ్వరు. నొప్పి కొంత తగ్గుతుంది, నొప్పి ఉన్నా బతుకు నడిపించుకోవడం వస్తుంది.

పనిని ముక్కలు చేయడం చాలా ముఖ్యం. నొప్పి తక్కువున్న రోజు ఇల్లంతా కడిగేసి, బట్టలన్నీ ఉతికి, తర్వాత మూడు రోజులు మంచం పట్టడం మన ఇళ్లలో మామూలే. దానికి బదులు ప్రతిరోజూ కొంచెం. పది నిమిషాలు నడక, వారానికి రెండు నిమిషాలు పెంచడం. నొప్పిని బట్టి కాదు, గడియారాన్ని బట్టి ఆగడం.

పెయిన్ కిల్లర్ గోలీల విషయంలో జాగ్రత్త. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకొని నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీలకు దెబ్బ. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. రమజాన్‌లో రోజా ఉండాలనుకునేవాళ్లు ముందే డాక్టరును కలిసి మందుల వేళలు ఇఫ్తార్, సహరీలకు మార్చుకోవచ్చేమో అడగాలి. మనసుకు సంబంధించిన మందులను సొంతంగా ఒక్కసారిగా ఆపొద్దు.

ఎక్కడికి వెళ్లాలి? చాలా జిల్లా ప్రభుత్వ ఆసుపత్రుల్లో మానసిక వైద్యం ఓపీ ఉంటుంది. బయటికి వెళ్లలేకపోతే 14416 నంబరుకు ఫోన్ చేయొచ్చు. ఇది 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. హెల్త్ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లకు ఒక మాట: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం బీమా కంపెనీలు మానసిక జబ్బులకు కూడా శారీరక జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలి. మీ పాలసీలో ఏ ఖర్చు వస్తుందో, ఏది రాదో కాగితం తీసి చదవండి.

ఇంట్లోవాళ్లు చేయగలిగింది

మొదటిది, నమ్మడం. "నొప్పి ఉందా?" అని గంటగంటకూ అడగక్కర్లేదు, దానివల్ల ధ్యాసంతా నొప్పి మీదే ఉంటుంది. "రాత్రి నిద్ర పట్టిందా?", "ఈరోజు ఏం చేద్దాం?" అని అడగొచ్చు. రెండోది, అన్ని పనులూ లాక్కొని మూల కూర్చోబెట్టొద్దు. చేయగలిగిన పని చేయనివ్వాలి. మూడోది, పక్కన ఉండటం. సౌదీలో, దుబాయిలో ఉన్న కొడుకులు మందులకు డబ్బు పంపుతున్నారు, సంతోషం. రోజూ ఐదు నిమిషాల ఫోను కూడా మందు లెక్కలోనే వేసుకోండి.

ఇక "నేను పోతేనే ఆరాం" లాంటి మాట వినిపిస్తే దాన్ని అలవాటు మాట అని వదిలేయొద్దు. "అలాంటి మాటలు అనొద్దు" అని నోరు మూయించనూ వద్దు. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని నెమ్మదిగా, సూటిగా అడగాలి. అలా అడిగితే లేని ఆలోచన కొత్తగా పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా, గోలీల డబ్బాలు అందుబాటులో లేకుండా చూసి, అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

ఖాలాను నేను ఆ సాయంత్రం అలాగే అడగలేదు. నాకు అప్పుడు తెలియదు. వారం తర్వాత అడిగాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఖాలూ గురించి చెప్పడం మొదలుపెట్టింది, ఇషా అజాన్ దాకా చెప్తూనే ఉంది. తర్వాతి వారం జిల్లా ఆసుపత్రికి వెళ్లాం. అక్కడి డాక్టరు ఫిల్ములు పక్కన పెట్టి మొదట అడిగింది నిద్ర గురించి. రాత్రికి ఒక చిన్న గోలీ, ఫిజియోథెరపీ, రెండు వారాలకోసారి కౌన్సెలింగ్ అన్నారు.

ఎనిమిది నెలలైంది. నొప్పి పోలేదు. కానీ రాత్రి ఐదారు గంటలు నిద్రపోతోంది. పొద్దున గల్లీ చివరి దాకా నడిచి వస్తోంది. చాట మళ్లీ పట్టింది కానీ అరగంటకోసారి లేస్తుంది, వెయ్యి బీడీల జోలికి పోవడం లేదు. మొన్న ఫోన్లో "నొప్పి ఎట్లుంది ఖాలా?" అని పాత అలవాటుతో అడిగితే, "అది ఉంటది లే బేటీ. నువ్వెప్పుడొస్తున్నవ్ చెప్పు" అంది.

మీ ఇంట్లో కూడా ఒక ఖాలానో, అమ్మీనో, దాదీనో ఉండొచ్చు, "రిపోర్టు నార్మల్" అన్న మాటతో నోరు మూసుకున్నవాళ్లు. ఈరోజు వాళ్ల పక్కన కాసేపు కూర్చోండి. "నీ నొప్పి నిజమే, నేను నమ్ముతున్నా" అని చెప్పండి. డాక్టరు దగ్గరికి తర్వాత వెళ్దురు గాని, వైద్యం అక్కడే మొదలవుతుంది.